సున్నా ప్రయాణాల విశ్వనాథం గారు

విశ్వనాథం గారు మొన్న మంగళవారం క్లేటన్‌లోని తమ ఇంట్లో, కూర్చున్న కుర్చీలోనే దివంగతులయ్యారు. పక్కింటి గ్రీకు ముసలావిడ ఫోన్ చేసి చెబితే నేను నమ్మలేదు. మెల్‌బోర్న్ మహానగరంలో ఏ బస్సు ఏ మలుపులో ఎన్నిసార్లు దగ్గుతుందో తెలిసిన మనిషి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారని ఎలా నమ్మను?

నగర రవాణా ప్రణాళికా కార్యాలయంలో మా బల్లలు ఎదురెదురు. రాబోయే ఇరవయ్యేళ్లకు రోడ్డెక్కడ వెయ్యాలి, బస్సెక్కడికి నడపాలి అని లెక్కగట్టడం మా వృత్తి. అందుకోసం లాటరీ తీసి, అందులో వచ్చిన ఇళ్లకల్లా ఫారం పంపేవాళ్లం: ఫలానా రోజున ఇంట్లోవాళ్లు ఎక్కడికి, దేనిమీద వెళ్లారో రాసి పంపాలి. తిరిగొచ్చిన ఫారాలు హిమాలయాలంత పేరుకునేవి. వాటి అవతల ఆయనున్నారని తుమ్మితే గాని తెలిసేది కాదు.

కొందరు ప్రయాణాల గడిలో సున్నా వేసేవారు. మేం వాటిని పక్కన పడేస్తే, ఆయన ఏరుకుని నవరత్నాల్లా దాచుకునేవారు. "సున్నా అంటే వెళ్లాలని లేదని కాదోయ్, వెళ్లే దారి లేదని," అనేవారు.

ఆయనకు కారు నడపడం రాదు. ఒకరోజు ఆర్వోలో, అదే, ఇక్కడివాళ్ల భాషలో మధ్యాహ్నం పూట, సర్కస్ డేరా అంతటి తమ గొడుగు కింద నన్నూ నడిపించుకుంటూ, చివరి స్టాపు నుంచి దండకారణ్యం దాటించి ఒక సున్నా ఇంటికి తీసుకెళ్లారు. అక్కడొక వృద్ధురాలు టీ ఇచ్చింది. "బస్సుంటే ఎక్కడికెళ్లేవారు?" అని ఈయన అడిగారు. మూడు ప్రభుత్వాలు మారేంతసేపు ఆలోచించి ఆవిడ, "మా చెల్లెలింటికి," అంది.

ఆ ప్రశ్నను ఫారంలో అచ్చు వేయించాలని ఆయన పట్టుబట్టారు.

"ఊహల్లో ప్రయాణాలకి బస్సులు వెయ్యలేం, మేట్," అన్నాడు పై అధికారి.

"ఇరవయ్యేళ్ల తర్వాతి రోడ్డు మాత్రం ఊహ కాదా, సార్?"

ప్రశ్న అచ్చు కాలేదు. చేతికందిన ప్రతి ఫారం అడుగునా దాన్ని ఆయన స్వహస్తాలతో రాసి మరీ పంపేవారు.

సహధర్మచారిణి పోయాక, రిటైరయ్యాక, ఆయనకు మిగిలిన బంధువర్గమంతా నేనొక్కణ్ణే. మా ఇల్లు కారులో పన్నెండు నిమిషాలు. ఆదివారం మా వైపు బస్సు లేదు. వారం వారం ఫోన్లో భోజనానికి పిలిచేవాణ్ణి.

"ఈ ఆదివారం కచ్చితంగా వచ్చి తీసుకెళ్తా, గురువుగారూ."

"కచ్చితంగా అన్నావూ? అయితే బియ్యం నేనే కడుక్కోవాలన్నమాట."

అదే మా ఆఖరి సంభాషణ. ఆ ఆదివారం మా పెరట్లో బార్బీ, అదే, నిప్పులమీద మాంసం కాల్చుకునే విందు. చుట్టాలొచ్చారు, పొగ లేచింది, పొద్దుపోయింది.

అంత్యక్రియలయ్యాక ఆయన ఇంట్లో బల్లమీద మా ఆఫీసు ఫారం కనిపించింది. లాటరీలో ఈసారి ఆయన ఇల్లే వచ్చింది. రాయవలసిన రోజు అదే ఆదివారం. ప్రయాణాలు: సున్నా. అడుగున ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో పాత ప్రశ్న, దాని కింద జవాబు: మా ఇంటి చిరునామా, పిన్‌కోడుతో సహా.

ఇంత పెద్ద నగరంలో సున్నాలను చదవగలిగిన ఏకైక పండితుడు ఆయన. ఆఫీసులో ఆయన బల్ల దగ్గర ఇప్పుడు మరొకరు కూర్చుంటున్నారు గాని, ఆ సున్నాలను ఏరుకునేవారు లేరు. ఆ మహనీయుడికి తలవంచి నమస్కరిస్తున్నాను. తల ఎత్తడం మాత్రం నాకింకా చేతకావడం లేదు. ఆ ఆదివారానికి ఫారం నాకొచ్చినా నేనూ సున్నాయే రాసేవాణ్ణి.

నాకు దారి ఉంది.