చెయ్యి పెట్టిన చోట

రెజీనా చేతికి ఏది దొరికినా బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఇడ్లీ అయినా, టమాటా అయినా, గంపలోని రొయ్య అయినా, వేలు తీశాక ఎంతసేపటికి పైకి లేస్తుందో చూడకుండా వదలదు. నెల్లూరులో ఆమె చేసే పరిశోధన అదే. కణజాలం ఎంత గట్టిగా ఉంటుందో కంప్యూటరులో లెక్కలతో నమూనా కడుతుంది. కాలేయం ఎలా బిగుసుకుపోతుందో ఆ నమూనా చక్కగా చెబుతుంది. దాన్ని మళ్లీ మెత్తబరచాలని మాత్రం ఆమె వేసవంతా పెనుగులాడింది. సమీకరణాలు మార్చింది, చివరికి తనకే సిగ్గేసే అబద్ధపు విలువలు కూడా వేసింది. జబ్బుపడ్డ అన్న కాలేయానికి స్కానింగులో వచ్చిన గట్టిదనం అంకెతో మొదలుపెట్టిన ఆ నమూనా కాలేయం తెర మీద రాయిలాగే ఉండిపోయింది.

ఆదివారం వాకాడులో అన్న జడ్సన్ మంచం చుట్టూ సంఘపువాళ్లు చేరారు. అతని కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. పాస్టరుగారు అతని తల మీద చెయ్యి ఉంచి, "నువ్వూ పెట్టమ్మా, తోడబుట్టినదానివి," అన్నారు. రెజీనా అన్న కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. అందరూ అతని మీద చేతులుంచి కళ్లు మూసుకున్నారు. ఆమె నోరు ప్రార్థన మాటలు పలుకుతూనే ఉంది, వేళ్లు మాత్రం నొక్కుతున్నాయి.

"ప్రార్థన చేస్తుండావా, కొలస్తుండావా మే?" జడ్సన్ మెల్లిగా అడిగాడు.

"రెండూ చేస్తుండా, అన్నా."

పాస్టరుగారు ఆమేన్ అన్నారు. అందరి చేతులూ లేచాయి. ఆమె చెయ్యి మాత్రం కాస్త పక్కకి జరిగి, అక్కడైనా లొంగుతుందేమోనని మళ్లీ నొక్కింది.