తిరిగొచ్చినవాళ్ల కోసం గంట

మా బాబాయిని అందరూ గంటల బాబాయి అనేవారు. చర్చిలో గంట కొట్టడం, ఊడవడం, తాళాలు వేయడం ఆయన పని. వాటిలో తాళాలు వేయడమే చురుగ్గా చేసేవాడు. ఆదివారం ఆరాధన ముగిసి, చివరి మనిషి ఇంకా చెప్పులు వెతుక్కుంటుండగానే ఫ్యాన్లు ఆపేసి, తాళంచెవుల గుత్తి గలగలలాడించేవాడు. ఇక వెళ్లండని నోటితో చెప్పాల్సిన పని ఉండేది కాదు.

ఆ చర్చిలో బల్లలన్నీ చేసింది బాబాయి ప్రాణస్నేహితుడు. మేం ఆయన్ని వడ్రంగి మావయ్య అనేవాళ్లం. భార్య పోయాక మావయ్య చర్చి గుమ్మం తొక్కలేదు. ఎదురుగా ఉన్న కాఫీ షాపులో మాత్రం రోజూ పొద్దున్నే కిటికీ పక్కన కూర్చునేవాడు. మావయ్య చేసిన బల్ల మీదే ఆయన్ని మళ్లీ కూర్చోబెట్టాలని బాబాయికి ఒకటే ఆరాటం. అన్నం ముందు కూర్చున్నా అదే గోల.

"ముందు తినండి, ఆయన్ని తర్వాత రక్షిద్దురుగాని," అనేది పిన్ని.

చివరికి బాబాయి ఒకరోజు రోడ్డు దాటి వెళ్లి మావయ్య ఎదుట కూర్చున్నాడు.

"ఏముందిరా ఇక్కడ? ఆ చేదునీళ్ల కోసమేనా?"

"కాఫీ ఏమంత బాగుండదు," అన్నాడు మావయ్య. "కూర్చోనిస్తారు. నాకు చక్కెర వద్దని ఆ కౌంటర్ దగ్గరి అమ్మాయికి గుర్తుంటుంది. అంతకుమించి ఏమీ అడగదు. మీ దగ్గరికొస్తే, ఎలా ఉన్నావని అడిగిన ప్రతివాళ్లకీ దేవుని కృపవల్ల బాగున్నానని చెప్పాలి. నేను బాగాలేనురా."

బాబాయి ఆ మాట పట్టుకుని పాస్టరుగారి వెంటపడ్డాడు. మామూలు రోజుల్లోనూ తలుపులు తీసి ఉంచుదాం, వేడి కాఫీ పెడదాం, వచ్చినవాళ్లని ఎవరూ ఏమీ అడగొద్దు అన్నాడు. పలకరింపు లేకపోతే అది సంఘం ఎలా అవుతుందని పాస్టరుగారు చాలాసేపు నసిగి, పోనీ చూద్దామన్నారు. మా ఇంటి కెటిల్ చర్చికి వెళ్లిపోయింది. పిన్ని గిన్నెలో నీళ్లు కాచుకుంది.

చాలా వారాలు ఎవరూ రాలేదు. బాబాయి ఒక్కడే కాఫీ పెట్టుకుని ఒక్కడే తాగేవాడు. ఒకనాడు జోరువానలో మావయ్య వచ్చాడు. బాబాయి చక్కెర వేయని కాఫీ పక్కన పెట్టి అవతలికి వెళ్లాడు. మావయ్య బల్ల అంచును అరచేత్తో నిమురుతూ కూర్చుని, కాసేపటికి ఏడవడం మొదలుపెట్టాడు.

బాబాయి అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది.

దూరమైనవాళ్లు తిరిగొస్తే గంట కొట్టడం ఆ చర్చి ఆనవాయితీ. బాబాయి సంతోషం పట్టలేక తాడు అందుకున్నాడు. గంట వీధంతా వినబడింది. పాస్టరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు, వెనకాలే సంఘ పెద్దలు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు. అందరూ మావయ్య చుట్టూ మూగారు. ఇన్నాళ్లూ ఏమైపోయావన్నా అని ఒకరు, ఇప్పుడెలా ఉన్నావని ఒకరు. ఒకావిడ ఆయన తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన అందుకుంది.

"దేవుని కృపవల్ల బాగున్నాను," అన్నాడు మావయ్య. ముఖం తుడుచుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ప్రేమతోనే కదా అడిగామంటారు మావాళ్లు. ప్రేమే, కాదన్నదెవరు? నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంత జరిగాక సంఘం నేర్చుకున్నదేమిటంటే, ఓ కాఫీ మెషిన్ కొనడం. ప్రసంగం చివరిదాకా విన్నవాళ్లకే కాఫీ.

బాబాయి క్షమాపణ చెప్పుకుందామని కాఫీ షాపుకు వెళ్లడం మొదలుపెట్టాడు. కిటికీ పక్క కుర్చీ రోజూ ఖాళీగానే ఉండేది. ఒక పొద్దున మావయ్య అద్దంలోంచి కనబడ్డాడు. గుమ్మం దాకా వచ్చి, లోపల బాబాయిని చూసి, వెనక్కి తిరిగాడు.

"అయ్యో, ఆయన వెళ్లిపోతున్నారేంటండీ?" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. "కాఫీ కలిపేశాను."

బాబాయి లేచాడు. "నేనింక ఇక్కడికి రానని ఆయనతో చెప్పమ్మా. మళ్లీ వచ్చినప్పుడు చెప్పు."

ఆ కబురు అందుకోవడానికి మావయ్య మళ్లీ రానేలేదు.