గోడ ఆగినప్పుడు

2022 ఫిబ్రవరి, మిషిగన్‌లో నోవై దగ్గరి ఒక స్కూల్. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకుని, యాభైకి దగ్గరపడుతుండగా స్పెషల్ ఎడ్యుకేషన్ లాయర్‌నయ్యాను. స్కూళ్లు శిక్షించబోయే పిల్లల తరఫున మాట్లాడటం నా పని.

హాసినికి పదేళ్లు. ఒకే వారంలో రెండుసార్లు ఫైర్ అలారం లాగింది. స్కూలంతా మంచులో నిలబడింది. తర్వాత ఆమె డెస్క్‌లో క్లాస్‌రూమ్ పటం దొరికింది. అందులో నాలుగు బల్లల మీద ఎర్రటి ఇంటూ గుర్తులున్నాయి. స్కూల్ దాన్ని బెదిరింపు అనుకుంది. పిల్లను సస్పెండ్ చేసి, పూర్తిగా పంపేయడానికి ఎక్స్‌పల్షన్ హియరింగ్ పెట్టింది.

చేసిన తప్పు పిల్లకున్న వైకల్యం వల్ల జరిగిందని తేలితే అలా పంపకూడదు. అది తేల్చే సమావేశాన్ని మానిఫెస్టేషన్ రివ్యూ అంటాం. కానీ హాసినికి వైకల్యం ఉందో లేదో తేల్చే పరీక్షలే జరగలేదు.

"టీచర్ రెండేళ్ల క్రితమే టెస్టింగ్ చేయిద్దామన్నారు మేడమ్," అంది తల్లి లావణ్య. "నేనే వద్దని సైన్ చేసిచ్చా. మనవాళ్ల పిల్లలు సగం మంది అదే స్కూల్. పాట్‌లక్ విందులో ఒక్కళ్లకి తెలిస్తే ఇంకేముంది?"

"ఆ సంతకమే ఇప్పుడు మనకి అడ్డం, లావణ్యా. తల్లిదండ్రులు కాదన్నాక ఆ రక్షణ అడగలేం."

ఆమె ఏడవలేదు. చేతిలోని పెన్ను మూత పెడుతూ, తీస్తూ ఉండిపోయింది.

వాళ్లింట్లో కిచెన్ టేబుల్ మీద హాసిని మళ్లీ అదే పటం గీస్తోంది. సస్పెండ్ అయి ఎనిమిది స్కూల్ రోజులైంది. పక్కన ఏడు కాగితాలున్నాయి, ఒక్కో దాని మీద ఒక్కో తేదీ. ఇంటూలు కిటికీ వరస నుంచి లోపలికి జరుగుతున్నాయి.

"ఇవేంటమ్మా?"

"స్లీపీ అయ్యేవాళ్లు, ఆంటీ. ఫస్ట్ విండో దగ్గర. దెన్ ఇక్కడ."

"నువ్వు ఇప్పుడు స్కూల్‌కి వెళ్లట్లేదుగా, ఎలా తెలుస్తుంది?"

"గోడ హమ్ చేస్తది. అది ఆగితే వాళ్లకి నిద్రొస్తది. నేను చెప్పాను, ఎవరూ లిజన్ చేయలే. సో అలారం లాగా."

ఆ కాగితాలన్నీ తీసుకుని నా ఫైల్లో పెట్టుకున్నాను.

మర్నాడు ఉదయం హియరింగ్. వాళ్లింటి నుంచి బయల్దేరే ముందు హాసిని ఇంకో కాగితం ఇచ్చింది. అందులో ఇంటూ టీచర్ టేబుల్ మీద ఉంది. నేను చట్టం ఊసెత్తలేదు. కాగితాలన్నీ, హియరింగ్‌కి వచ్చిన స్కూల్ నర్స్ ముందు పరిచి, "మీ లాగ్ పక్కన పెట్టి చూడండి. పేర్లు నాకు చెప్పనక్కర్లేదు," అన్నాను. ఎవరికి ఎప్పుడు ఒంట్లో బాగోలేదో రాసే పుస్తకం అది.

ఆమె వేలు ఒక్కో తేదీ మీద ఆగింది. మూడో పేజీకొచ్చేసరికి తలెత్తింది.

"తలనొప్పి, నిద్రమత్తు. ఇవే బల్లలు. ఇదే వరస. ఈ పాపకి ఎవరు చెప్పారు?"

"ఈ రోజు?" అన్నాను.

"టీచర్ ఇందాకే వచ్చి తలనొప్పికి టైలెనాల్ మాత్ర అడిగింది."

ప్రిన్సిపల్ వైపు తిరిగాను. "ఆ గదిలో ఇప్పుడు పిల్లలున్నారా?"

అతను లేచి పరుగెత్తాడు. ఈసారి అలారం అతనే లాగాడు.

గ్యాస్ మీటర్ పట్టుకుని వచ్చిన టెక్నీషియన్ గది గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గోడ వెనక, గదుల్ని వేడిచేసే ఫర్నేస్ పగిలి కార్బన్ మోనాక్సైడ్ వస్తోంది. రంగూ వాసనా లేని విషం. మధ్యమధ్య, హమ్ చేసే ఫ్యాన్ ఆగినప్పుడు ఆ విషం గదిలో నిండుతోంది. ఇరవై మూడు మంది పిల్లలు మంచులో తలలు పట్టుకుని నిలబడ్డారు, అందరూ నిలబడే ఉన్నారు.

ఎక్స్‌పల్షన్ ఆగింది. ఆ వారమే లావణ్య టెస్టింగ్‌కి సంతకం పెట్టింది. హాసిని ఆ హమ్ ఎలా పట్టిందో డాక్టర్లు చెప్పారు, మిగతావాళ్లకి అందని చిన్న శబ్దాలు కూడా ఆమెకి వినిపిస్తాయట. మైలున్నర దూరంలో, ఇంట్లో కూర్చుని రోజూ సరైన బల్లలు ఎలా గుర్తుపెట్టిందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

అప్పటి నుంచి ఫైల్ తెరిచే ముందు పిల్లతో కూర్చుంటాను. గీసింది ఏదైనా ఉంటే, దాని గురించి ఎవరో రాసిన రిపోర్ట్ కంటే ముందు దాన్నే చూస్తాను. అక్షరాలు రాని రోజుల్లో నేనూ గుర్తులతోనే బతికాను. చదువొచ్చాక ఆ చూపు పోగొట్టుకోబోయాను.

వేసవిలో హాసిని లావణ్యతో నా ఆఫీస్‌కి వచ్చింది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు. గోడకి చెవి ఆనించి చాలాసేపు విన్నది. నేనూ, లావణ్యా కదల్లేదు.

"ఓకే, ఆంటీ," అని వచ్చి కూర్చుంది. అప్పుడు నేను ఫైల్ తెరిచాను.