తొట్టి అడుగున ఆకుపిండి

మూలకుళంలో మా పై వాటా వాళ్ళు మిద్దె మీద మునగాకు ఆరబెట్టారు. మధ్యాహ్నం తలుపు తీయగానే వాసన లోపలికి వచ్చింది. ఎండుతున్న ఆకు వాసనకి ఇంకొకరికి కారప్పొడి గుర్తొస్తుందేమో, నాకు పందుల కొట్టం గుర్తొస్తుంది. దానితోపాటు వి. కుప్పమ్మ.

పశువుల మేత గురించి చదువుకుని నేను ఊరి శివారులో ఒక పందుల ఫారంలో చేరేనాటికి ఆమె అక్కడ రోజుకూలీ. మురుంగపాక్కం నుంచి నడిచి వచ్చేది. తమిళ ఊళ్ళో ఉన్నా మాలాగే ఇంట్లో తెలుగే, అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. మా అమ్మకన్నా పెద్దది కనుక నేను అత్తా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. ఏళ్ళ తరబడి పనిచేస్తున్నా పర్మనెంటు కాలేదు. ఆ ఏడు పర్మనెంటు చేసేవాళ్ళ జాబితా తయారవుతోంది. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి అవకాశం. పేరు పంపవలసింది మా పెద్దసారు.

కుప్పమ్మకు శుభ్రం పిచ్చి. పందుల దగ్గర శుభ్రమేమిటని నవ్వేవాళ్ళను తొట్టి దాకా లాక్కుపోయేది. "నీ తట్టలో నిన్నటి మెతుకుంటే తింటావా? దీనికీ నోరుండాది గదా" అని దబాయించేది. పాచి వాసన తగిలితే పంది మూతి ఎలా తిప్పుకుంటుందో పుస్తకాలకన్నా ముందు ఆమే నాకు చూపించింది.

నాకు అప్పగించిన మేత పరీక్ష సుబాబుల్ ఆకు మీద. ఆమె సవుండాకు అనేది. ఆకు ఆరబెట్టి, పొడిచేసి, దాణాలో మొక్కజొన్న కొంత తగ్గించి ఆ మేరకు కలపాలి. మితిమీరితే పందులకు వెంట్రుకలు రాలతాయి, ఎదుగుదల ఆగుతుంది. ఎంతవరకు కలపవచ్చో తేల్చి రైతులకు చెప్పడమే పని. పొద్దున తొట్టిలో మిగిలింది తూచి, పోసినదాంట్లోంచి తీసేస్తే తిన్నదెంతో తెలుస్తుంది. నేను అప్పట్లో మేముండే ముత్తియాల్‌పేట నుంచి బస్సులో వచ్చేసరికి కుప్పమ్మ తొట్లు కడిగేసి, మిగిలింది బకెట్లలో పెట్టి ఉంచేది. ఆకు కలిపిన వాటిలోనూ దాదాపు ఏమీ మిగిలేది కాదు. పందులు చక్కగా పెరిగాయి. నేను గాల్లో తేలిపోయాను. పెద్దసారు మెచ్చుకుని రిపోర్టు రాయమన్నారు.

రిపోర్టు ఇచ్చేసిన మర్నాడు ఆ కొట్టాల కాలువ పూడుకుపోయింది. కుప్పమ్మ కర్రతో పొడిస్తే పచ్చటి ముద్ద బయటికి వచ్చింది. చేతిలోకి తీసుకుని వాసన చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"పాపా, ఇది ఏందో చూడు. నీ ఆకే."

"అదెట్లా అత్తా? అంతా తినేసినాయి గదా?"

"యాడ తినె? జొన్నంతా నాకి, ఆకుపొడి అడుక్కి తోసేసినాయి. మూతి తడికి నాని, పాచి మాదిరి అంటుకొని ఉండె. నేను పాచే అనుకొని రోజూ గీకి కాలవలోకి కడిగేస్తి. పైన ఉండేదే బకెట్లో ఏస్తి. తప్పు నాదే."

నా రిపోర్టు గుర్తొచ్చింది, ఆమె జాబితా గుర్తొచ్చింది. ఏది ముందు గుర్తొచ్చిందో చెప్పడానికి ఇప్పటికీ మొహమాటమే.

"ఎవురికీ చెప్పొద్దు అత్తా. ముందు జాబితా పైకి పోనీ. పందులు బాగానే పెరిగినాయి గదా."

"నీ కాగితం చూసి ఇంకొకడు ఆకు ఏస్తాడు పాపా. మనం తొట్టి నింపుతానే ఉండాం, ఇవి ఏరుకొని తినె. వాడు అంత పోస్తాడా? ఆకలికి ఆకంతా తినేస్తాయి, బొచ్చు రాలిపోతాది."

మర్నాడు పెద్దసారు కొట్టం దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చీరకొంగుకు చేతులు తుడుచుకుని, ఆయనకు తెలుగు రాదు కనుక తమిళంలో, జరిగినదంతా చెప్పింది. ముందురోజే నాకు చెప్పానన్న సంగతి తప్ప. ఆయన ముఖం ఎర్రబడింది. "నీకు తెలుసా?" అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోగా కుప్పమ్మే, పాపకు తెలియదయ్యా అంది. నేను అవునన్నట్టు తలూపాను.

ఆమె పేరు వెళ్ళలేదు. అజాగ్రత్త అని ఫైల్లో రాశారట. పరీక్ష మళ్ళీ మొదలుపెట్టాం. దాణాను నీళ్ళతో ముద్దచేస్తే ఏరుకోలేవని చెప్పింది ఆమే. అడుగు గీకి తూచి నాకు చూపించిందీ ఆమే, అదే రోజుకూలీ మీద. ముద్దలో ఆకు లోపలికి పోయేసరికి ముందనుకున్న పాళ్ళకు పందుల ఎదుగుదల తగ్గింది, వెంట్రుకలు పలచబడ్డాయి. కలపదగ్గ ఆకు పాలు బాగా తగ్గించి రాశాం. ఆ రిపోర్టు మీద నా పేరుంది.

ఆమె పని మానేసిన చాలా రోజులకు మురుంగపాక్కం వెళ్ళాను. "ఆ పొద్దు నేను సారుతో..." అని మొదలుపెట్టాను.

"అది ఉండనీ. ఇప్పుడు ఆకు ఎంత ఏస్తా ఉండారు?"

చెప్పాను.

"తింటా ఉండాయా?"

తింటున్నాయన్నాను. తృప్తిగా నవ్వి, కాఫీ పెట్టడానికి లేచింది. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనివ్వలేదని నాకు నేను చెప్పుకున్నాను, అది సగమే నిజం.

ఇప్పుడు నా పరీక్షలు జరిగేచోట తొట్లు కడగకముందే వెళ్ళి, అడుగున నేనే చెయ్యి పెట్టి చూస్తాను. నా కింద పనిచేసేవాళ్ళు దాన్ని క్రమశిక్షణ అనుకుంటారు. నేను సరిదిద్దను. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే ఆమె పేరు జాబితాలో నిలిచేదో లేదో తెలియదు. తలూపానన్నది మాత్రం తెలుసు.