మెదక్‌లో సోలార్ ఛార్జర్‌కి పరీక్ష, నాకు ఎదురుచూపు

పోచారం చెరువు ఒడ్డున ఒక రోజంతా గడపాలని నేనూ నా స్నేహితురాలు వసంతా ఎప్పటినుంచో అనుకుంటున్నాం. పదేళ్లపాటు నా ప్రతి ప్రయాణంలోనూ పక్క సీటు ఆమెదే. ఈమధ్య మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం వస్తోంది, అదీ ఆమెకే. ఈసారి "నువ్వు శనివారమే మెదక్ వెళ్లిపో. నేను ఆదివారం మధ్యాహ్నానికి వచ్చేస్తా. బస్సెక్కగానే ఫోన్ చేస్తా, నీది ఆన్‌లో ఉంచు" అంది. ఆ మాట పట్టుకునే సోలార్ ఛార్జర్ కొన్నాను.

వీపున చిన్న ప్యానెల్ అతికించిన పవర్ బ్యాంకులు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. కానీ అరచేయంత పలక అంత బ్యాటరీని నింపాలంటే రోజులు పడుతుంది. అందుకని పుస్తకంలా మడిచే ఇరవై ఎనిమిది వాట్ల ప్యానెల్ తీసుకున్నాను. నాలుగు వేల లోపే వచ్చింది. ఇలాంటి వాటిలో బ్యాటరీ ఉండదు, మామూలు పవర్ బ్యాంకు వేరే పెట్టుకోవాలి. ఫోన్‌ని నేరుగా తగిలించి ఎండలో వదిలేస్తే వేడెక్కి మొరాయిస్తుంది. ముందు పవర్ బ్యాంకు నింపుకుని, దాన్నుంచి నీడలో ఫోన్‌కి పెట్టుకోవడం మేలు.

శనివారం సాయంత్రం జూబ్లీ బస్టాండులో బస్సెక్కితే నర్సాపూర్ మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. టికెట్ రెండు వందల లోపు. లాడ్జి గదిలో ప్లగ్గు ఉన్నా ముట్టుకోలేదు. పరీక్ష అంటే పరీక్షే కదా! పవర్ బ్యాంకు కూడా ఖాళీదే పట్టుకొచ్చాను. పొద్దున్నే ఆటోలో కోట దగ్గరికి వెళ్లాను.

"పైన నీడుండదు మేడం, జల్ది ఎక్కి జల్ది దిగుండ్రి" అన్నాడు డ్రైవర్. "వెనకాల ఇంకెవరన్న వస్తున్నరా?"

"మధ్యాహ్నం వస్తారు" అన్నాను.

తీరిగ్గా ఎక్కినా గంట పట్టదు. పైనుంచి ఊరూ చర్చి శిఖరమూ కనిపిస్తాయి. చేయి చాచి నా ఫోటో నేనే తీసుకుంటే నుదురొక్కటే పడింది. దిగేసరికి ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆగిపోయింది. అప్పుడు మొదలైంది కంగారు. గబగబా చర్చి దగ్గరికి వచ్చాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఊళ్లనుంచి వచ్చిన కుటుంబాలు చర్చి ఆవరణలో వండుకుని తింటాయి. చేగుంటనుంచి వచ్చిన మరియమ్మ, ఆమె భర్త కోడికూర వండుతున్నారు. వాళ్ల పక్కనే ఎండలో ప్యానెల్ పరిచి, పవర్ బ్యాంకు తగిలించి, "నా స్నేహితురాలు వస్తోంది, ఆమె ఫోన్ చేసేలోపు ఇది నిండాలి. కొంచెం చూస్తూ ఉండండమ్మా" అని చెప్పి చర్చి లోపలికి వెళ్లాను. ఖాళీ బెంచీల మధ్య చల్లగా ఉంది. ఆగిపోయిన ఫోన్ చేతిలో పట్టుకుని గంటసేపు కూర్చున్నాను.

తిరిగొచ్చి చూస్తే ప్యానెల్ మీద తడి తువ్వాలు శుభ్రంగా పరిచి ఉంది.

"మస్తు కాలుతున్నదమ్మా, ముట్టుకుంటే చెయ్యి సుర్రుమన్నది" అంది మరియమ్మ. "ఖరాబైతదేమోనని కప్పిన."

"అది ఎండతోనే నడుస్తుందమ్మా!"

"నేను చెప్పిన, ఇనలే" అన్నాడు ఆమె భర్త గరిటె తిప్పుతూ.

వాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈపాటికి వసంత బస్సెక్కి ఫోన్ చేస్తూనే ఉంటుంది, నేను కావాలని ఆపేశాననుకుంటుంది. తువ్వాలు తీసి, ప్యానెల్‌ని సూర్యుడి వైపు తిప్పి, అక్కడే కూలబడ్డాను. నా మొహం చూసి మరియమ్మ వేరే గిన్నెలోకి కూర తీసింది. "మీ తోటామెకు గూడ తీసి పెట్టిన. పరేషాన్ గాకుండ్రి."

పవర్ బ్యాంకు కాస్త నిండాక ఫోన్ వెలిగింది. ఆగి ఉన్నప్పుడు వచ్చిన కాల్స్ మెసేజీలుగా వస్తాయి కదా, చూశాను. ఒక్కటీ లేదు. వసంత స్టేటస్‌లో పెట్టిన ఫోటో మాత్రం కనిపించింది. ఎవరెవరో స్నేహితులతో భోజనం చేస్తోంది, పది నిమిషాల క్రితం పెట్టింది. నేనే ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"అయ్యో, నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందే, అందుకే చేయలేకపోయా. ఈసారికి నువ్వు చూసొచ్చెయ్."

"సరేలే, ఛార్జింగ్ పెట్టుకో" అన్నాను.

"వస్తున్నదా?" అని అడిగింది మరియమ్మ. లేదన్నాను. ఆమె ఆ గిన్నెలోది కూడా నాకే వడ్డించింది.

మర్నాడు పోచారం ఒక్కదాన్నే వెళ్లాను. మెదక్‌నుంచి పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, ఆటోలు దొరుకుతాయి. చెరువు బాగుంది, కొంగలు బాగున్నాయి. మధ్యాహ్నానికే ఫోన్ నిండుగా ఉంది. ఇదిగో చూడు అని చూపించడానికి పక్కన ఎవరూ లేకపోవడం మాత్రం బాగాలేదు. ఒంటరి ప్రయాణం గొప్పదని రాసేవాళ్లున్నారు. నాకు ఒంటరిగానే అనిపించింది, అంతే. వసంత మీద కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు.

ఒక్క చిట్కా. ఛార్జర్ కొనేముందు వాట్లకన్నా ముందు ఎంతమంది వెళ్తున్నారో ఖాయం చేసుకోండి. ఒక్కరి ఫోన్‌కైతే పది, పదిహేను వాట్ల చిన్న ప్యానెల్ చాలు, మోయడానికీ తేలిక. నాది ఇద్దరికని లెక్కేసి కొన్నది.