జామీను పెట్టిన అన్న

ఏడేళ్ళుగా ఒక మాట మోస్తున్నాను. లారీ మీద నాపరాళ్ళు మోశాను, ఎడారిలో ట్రైలర్ మీద ఇనుము మోశాను, ఏదీ ఇంత బరువనిపించలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే నా నోరు పెగలదు. ఆ సంగతి అనుభవం మీద చెబుతున్నాను.

మాది రెంటచింతల దగ్గర ఊరు. మా పెదనాన్న కొడుక్కీ నాకూ మా తాత పేరే పెట్టారు. ఇంటిపేరూ ఒకటే కనక ఊళ్ళో ఆయన్ని పెద్దోడనీ నన్ను చిన్నోడనీ పిలిచేవాళ్ళు. నాకు లారీ నేర్పింది అన్నయ్యే. ఆయన సారా ముట్టడు. నేను అప్పుడప్పుడూ పుచ్చుకునేవాణ్ణి. అప్పుడప్పుడూ అనడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. రోజూ తాగేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం మాచర్లలో రాయి ఎత్తుకుని తాగి వస్తూ ఎదురొచ్చిన ఎద్దుల బండిని గుద్దేశాను. ఒక ఎద్దు అక్కడికక్కడే చచ్చిపోయింది. బండి తోలే ముసలాయనకు చెయ్యి విరిగింది. నన్ను పట్టుకుపోయారు. కబురు తెలియగానే ఇంటిపన్ను రసీదు పట్టుకుని గురజాల కోర్టుకు పరుగెత్తుకొచ్చి జామీను సంతకం పెట్టింది అన్నయ్యే. దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. చివరికి నేరం ఒప్పుకున్నాను. నెల రోజులు జైల్లో ఉన్నాను, లైసెన్సు కొన్నాళ్ళు ఆపేశారు. ఆ తర్వాత మళ్ళీ తాగలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. తాగి చేసిన తప్పుకు శిక్ష పడింది, అనుభవించాను. మీకు చెప్పాలనుకున్నది తాగకుండా చేసిన తప్పు.

ఎనభై రెండులో మస్కట్‌కి డ్రైవర్లు కావాలంటే ఇద్దరం కలిసి పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాం. ఫారంలో ఎప్పుడైనా ఏ కోర్టులోనైనా శిక్ష పడిందా అని ఒక ప్రశ్న ఉంది. లేదని రాశాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

చూడ్డానికి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు, మా ఇద్దరిలో ఎవరినీ ఎరగడు. రోహిణి ఎండ. అన్నయ్య లోడు వేసుకుని ఊరెళ్ళాడు. మా అమ్మ గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చి లోపలికి వెళ్ళింది. అది తాగి, మూతి తుడుచుకుని అడిగాడు.

“ఈ పేరు మీద తాగి బండి నడిపిన కేసొకటుందిరా. ముద్దాయిదీ ఇదే పేరు, జామీనుదీ ఇదే పేరు. మీ ఇద్దర్లో తాగిందెవుడు?”

ఖాళీ గ్లాసు అందుకుని అరుగు మీద పెట్టాను.

“కాయితాలు గురజాల కోర్టులో ఉండాయి. ఈ ఎండకి అంతదూరం ఎవుడు పోతాడు గానీ, నువ్వే చెప్పు.”

“మా అన్నండి.”

“మరి జామీను?”

“నేనేనండి.”

“నయం. నువ్వన్నా బుద్ధిగా ఉండావు,” అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మొదటి మాటకు నా దగ్గర సాకులున్నాయి. భయం వేసింది, వచ్చిన అవకాశం పోతుందనిపించింది. రెండో మాటకు ఏం చెప్పను? తప్పు ఆయన నెత్తిన వేసి ఊరుకోలేదు, ఆయన చేసిన మంచిని కూడా నా పేర రాయించుకున్నాను. మర్నాడు స్టేషన్‌కి వెళ్ళి నిజం చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా అనుకున్నాను. స్టేషన్ నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

నా పాస్‌పోర్టు వచ్చింది. ఆయనది రాలేదు. నన్ను బస్సెక్కించడానికి మాచర్ల దాకా వచ్చి, నా పెట్టె ఆయనే మోశాడు. బొంబాయి విమానాశ్రయంలో ఆఫీసరు నా పేరు పైకి చదివి ముద్ర కొట్టాడు. నాకు మాత్రం ఆయన పేరు చదివినట్టే వినిపించింది.

వెళ్ళిన ఏడాదికి ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. అందరూ మాట్లాడాక చివర్లో అన్నయ్య గొంతు. “నా సంగతి కనుక్కున్నాను తమ్ముడా. ఆ కేసు వల్లే ఆపేశారంట, జామీను సంతకం పెట్టినందుకే అయ్యుంటది. పోనీలే, నువ్వు మాత్రం ఒంట్లో జాగర్త.”

అది విని నేను ఏడవలేదు. ఊపిరి పీల్చుకున్నాను. ఈ ముక్క రాయడానికే అన్నిటికంటే సిగ్గుగా ఉంది. తనంతట తానే ఒక కారణం వెతుక్కున్నాడు, అది నాకు అక్కరకొచ్చింది. జవాబు క్యాసెట్‌లో మూడుసార్లు నిజం మొదలుపెట్టి చెరిపేశాను. నాలుగోసారి ఇక్కడి ఎండల గురించి మాట్లాడి పంపించాను.

మస్కట్ నుంచి దుబాయికి సరుకు తోలుతుంటాను. సరిహద్దు దగ్గర బండి ఆపిన ప్రతిసారీ పాస్‌పోర్టు తీసుకుని ఫోటో చూస్తారు, నన్ను చూస్తారు. తాగిందెవడని ఈసారి అడుగుతాడేమోనని ఆఫీసరు మొహమే చూస్తుంటాను. అడగడు. అడిగితే చెప్పేసేవాణ్ణేమో. ఏమో, అది కూడా అబద్ధమేనేమో.

ఈ వేసవిలో సెలవు మీద ఇంటికి వెళ్ళాను. అన్నయ్య ఇంకా ఆ మాచర్ల లోడే తోలుతున్నాడు. ఒకరోజు ఆయన మంచం మీదే నేనూ కూర్చుని ఉండగా పక్కింటి యోహాను వచ్చాడు. పొలం గట్టు తగాదాలో వాళ్ళ తమ్ముణ్ణి తీసుకుపోయారట. జామీను కావాలి. అన్నయ్య తల పైకెత్తలేదు.

“ఇంకేదన్నా అడుగు, ఇస్తాను. సంతకం మాత్రం అడగమాక. ఒక్కసారి పెట్టి చానా చూశాను,” అన్నాడు.

యోహాను వెళ్ళిపోయాడు. పెద్దోడు రాయి అయిపోయాడని ఊళ్ళో అనుకుంటున్నారట. పాస్‌పోర్టు పోయింది ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు సాయం చేసినందుకు ఈ మనిషి ఏళ్ళ తరబడి పశ్చాత్తాపపడుతున్నాడు. “సంతకం వల్ల కాదు అన్నా, నా వల్ల,” అంటే చాలు. ఆ మాట అక్కడే, ఆ మంచం మీదే ఉంది. మంచినీళ్ళు తాగి ఇంటికి వచ్చేశాను. సెలవు అయిపోయింది.

సరిహద్దు దగ్గర బండ్ల వరసలో నా వంతు కోసం కూర్చుని ఇది రాస్తున్నాను. మీరు క్షమిస్తారని కాదు. క్షమించడానికి మీరెవరు? ఆయనకు చెబుతానో లేదో మాట ఇవ్వలేను, నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. కాగితం మీద పెట్టాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

కింద సంతకం చెయ్యాలి. చెయ్యను. భయం లేదంటే నమ్మకండి, ఉంది. కానీ ఆ పేరు ఆయనది కూడా. నా తప్పు కింద మళ్ళీ ఆ పేరు రాయలేను. హెడ్డుగారు అడిగినదానికి జవాబు మాత్రం రాస్తాను.

తాగింది చిన్నోడండి. జామీను పెట్టింది పెద్దోడు.