పిడికిలంత గుండె

ఆమె పేరు నాకిప్పటికీ తెలియదు. మా కాలనీ దవాఖానలో రక్తం తీసే నర్సమ్మ. ఎవరొచ్చినా ముందు పిడికిలి బిగించమనేది. “సూడుర్రి, మీ గుండె గింతే ఉంటది” అనేది. ఎంతటివాడైనా తన పిడికిలిని వింతగా చూసుకునేలోగా సూది దిగిపోయేది.

బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్నకు సూదంటే హడల్. రక్తపరీక్షకు వెళ్లిన రోజు కంగారులో, లోపలికి నిప్పు పోకుండా బాయి దిగేముందు గేటు దగ్గర చేసే తనిఖీకి నిలబడ్డట్టే, బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టి, చేతులెత్తి నిలబడ్డాడు.

ఆమె నవ్వలేదు. శ్రద్ధగా జేబులు తడిమి, “ఏం లేవు. ఇగ బాయి దిగు కాకా” అంది.

రక్తం తీయడం అయ్యాక నాన్న చెయ్యి చాపాడు. “నా బీడీలియ్యి బిడ్డా.”

“డ్యూటీ దిగినంక కదా ఇచ్చేది” అంటూ ఆమె, చాపిన ఆ చేతిని మళ్లీ పిడికిలిగా మూసింది. “నీ గుండె ఇంకా డ్యూటీల్నే ఉన్నది కాకా.”